హైడ్రోసీడింగ్ చేయించి 12 రోజులైంది, వాలులో ఒక్క మొలకా లేదు

డాలస్ దగ్గర కొత్త ఇల్లు మాది. ముందువైపు బిల్డరే సాడ్ (మట్టితో సహా చాపలా చుట్టి అమ్మే పెరిగిన గడ్డి) పరిచి ఇచ్చాడు, వెనక పెరడంతా ఉత్త నల్లరేగడి. సాడ్ రేటు విని భయపడి, జూన్ మొదట్లో బెర్ముడా గడ్డికి హైడ్రోసీడింగ్ చేయించాం. (అదేనండీ, వినాయకుడికి పెట్టే మన గరికే. ఊళ్లో పీకలేక చచ్చేవాళ్లం, ఇక్కడ డబ్బులిచ్చి మొలిపించుకుంటున్నాం!)

విత్తనం, చెక్కపీచు, ఎరువు, జిగురు కలిపిన పచ్చటి గుజ్జు పైపుతో కొట్టి వెళ్లారు. నాలుగో రోజు రాత్రి పెద్ద వాన. కంచె వైపు వాలులో గుజ్జంతా జారి కింద మూలన అట్టకట్టింది. చదునుగా ఉన్నచోట వెంట్రుకల్లాంటి మొలకలు వచ్చాయి. వాలులో మాత్రం వేలు దూరేంత బీటలు. మూలన అట్ట ఎత్తి చూస్తే తెల్లగా పాలిపోయిన మొలకలు.

రోజుకు 3 సార్లు, 5 నిమిషాల చొప్పున నీళ్లు పెడుతున్నా. వాలు వరకు నేనే పైపైన గీరి, విత్తనం చల్లి, ఎండుగడ్డి కప్పితే సరిపోతుందా? లేక వాళ్లనే మళ్లీ పిలవాలా? మూలన ఆ అట్ట తీసేయనా, ఉంచనా? మొలిచినచోట నీళ్లు ఎప్పటినుంచి తగ్గించాలి? కలుపు కూడా లేస్తోంది, మొలకలు మాడిపోతాయేమోనని మందు కొట్టడానికి చెయ్యి రావట్లేదు. రేగడి నేలలో చేయించుకున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.