దుషాన్బే నుంచి ఓష్ దాకా రోడ్డు మీద: సీమ నుంచి పోయొచ్చినోళ్లు చెప్పండి

కడప_సైకిలు
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. కిర్గిజ్‌స్తాన్, తాజికిస్తాన్ రోడ్డు మీదే తిరగాలని చానా కాలంగా ఆశ. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో దిగి, పామిర్ కొండల మీదుగా పోయే పామిర్ హైవే ఎక్కి, తాజికిస్తాన్ రాజధాని దుషాన్బేలో తేలాలనుకుంటాండా. తోడు మా అమ్మ. ఆమె మాంసం ముట్టదు, నడకలో మాత్రం నన్ను మించిపోతాది. దారి, తిండి, కాగితాలు, ఎవురికి ఏది తెలిస్తే అది చెప్పండి.

అనంత_బాటసారి
దారి తిరగెయ్ తమ్ముడూ. ఓష్ దగ్గరదగ్గర వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి ఒక్క పూటలో సరి-తాష్, 3,170 మీటర్లు. ఆ వెంటనే రెండు దేశాల సరిహద్దులో కిజిల్-ఆర్ట్ కనుమ, 4,280. మనం పుట్టి పెరిగింది మూడు నాలుగొందల మీటర్లు దాటని నేల మీద. ఒంటికి అలవాటయ్యే టైమే ఉండదు.

దుషాన్బే నుంచి మొదలుపెడితే ముందు ఖోరోగ్ వస్తాది, 2,100 చిల్లర. అక్కడ రెండు మూడు రాత్రులు పండుకొని, మెల్లగా ముర్గాబ్‌కు పో, అది 3,600. అన్నిటికన్నా ఎత్తైన అక్-బైతాల్ కనుమ, 4,655 మీటర్లు, ఆ తర్వాతే తగుల్తాది. అప్పటికి అమ్మ ఒళ్లు కుదురుకోనింటాది.

తలనొప్పి, వాంతులు పట్టుకుంటే ఇంక పైకి పోవద్దు, తగ్గకపోతే కిందికి దిగాల్సిందే. మాతో జీపులో వచ్చిన ఒకాయనకు ఉన్నట్టుండి మాట తడబడింది, నీళ్ల సీసా మూత తిప్పను చేతకాలేదు. డ్రైవరు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా బండి తిప్పి కిందికి తెచ్చినాడు. బతికినన్నాళ్లు ఆయనకు రుణపడి ఉంటా. ఎత్తుకు ఒళ్లు తట్టుకునేదానికి ఏసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి పోకముందే మీ డాక్టరును అడుగు. సల్ఫా మందులు పడనోళ్లకు అది ఇబ్బంది.

బురుజు_కర్నూలు
కాగితాల సంగతి నేను చెప్తా. తాజిక్ ఈ-వీసాకు పెట్టుకునేటప్పుడే గోర్నో-బదఖ్షాన్ (ఖోరోగ్, ముర్గాబ్ ఉండే పామిర్ ప్రాంతం) పర్మిట్ కూడా కావాలని అక్కడే టిక్కు పెట్టాల. అది లేకుంటే ఖోరోగ్ దాకా కూడా పోనియ్యరు. దారిపొడుగునా చెక్‌పోస్టులే. పాస్‌పోర్టు, వీసా, పర్మిట్ జిరాక్సులు ఒక కట్ట పెట్టుకుంటే ఒక్కొక్కటి ఇచ్చి ముందుకు పోవచ్చు.

2021 ఘర్షణలప్పుడు మూసేసిన కిర్గిజ్-తాజిక్ సరిహద్దు, 2025 మార్చిలో ఒప్పందం కుదిరినాక తెరవడం మొదలుపెట్టినారు. కానీ ఏ గేటు ఎవురికి తెరిచినారో మారతాంటాది. కిజిల్-ఆర్ట్ సంగతి ఓష్‌లో, ముర్గాబ్‌లో ఉండే గెస్ట్‌హౌస్ వాళ్లను అడిగినాకే టికెట్లు తీసుకో.

ఉజ్బెకిస్తాన్ మీదుగా పోయేటట్టయితే మందుల సంచి ముందే సర్దుకోండి. ట్రమడాల్, కొడీన్ ఉండే నొప్పి మాత్రలంటే అక్కడ చానా గట్టిగా పట్టుకుంటారు. అమ్మ మందులన్నిటికీ చీటీ ఉండాల.

డాలర్లు కొత్త నోట్లే తీసుకో. మడతబడినవి, గీతలు ఉండేవి తీసుకోరు. ఖోరోగ్ దాటినాక కార్డును నమ్ముకోవద్దు.

నల్లరేగడి_అక్క
అమ్మను తీసకపోతాండావంటే నాకు చానా సంతోషంగా ఉంది నాయనా. నేను, మా పెద్దమ్మ వాఖాన్ లోయ మీదుగా పోయినాం. మీరు కూడా ఆ దారినే పోండి. ఇష్కాషిమ్ నుంచి లంగర్ దాకా పంజ్ నది ఒడ్డునే రోడ్డు. అవతలి ఒడ్డు ఆఫ్ఘనిస్తాన్. కొన్నిచోట్ల గాడిద మీద గడ్డిమోపు ఏసుకొని పోయే మనిషి కూడా కనపడేంత దగ్గర.

బస అంతా ఊళ్లో ఇండ్లలోనే. పామిరీ ఇంట్లోకి అడుగుపెడితే ఐదు స్తంభాలు. నడిమధ్య పైకప్పులో చదరం మీద చదరం తిప్పి పేర్చిన నాలుగు చట్రాలు, వాటి నడుమ మన మిద్దెల గవాక్షి మాదిరి వెలుతురు. వాళ్లు ఇస్మాయిలీలు, షియా ముస్లింలలో ఒక శాఖ. ఆ స్తంభాలకు మహమ్మద్, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ పేర్లని ఇంటామె ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి చెప్పింది. పీర్ల సావిడి ఉన్న ఊళ్లో పెరిగినోళ్లం, ఆ పేర్లు వింటానే పెద్దమ్మ లేచి దండం పెట్టుకునింది. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో మేము అతిథులం కాము, చుట్టాలమే.

పొద్దున షీర్‌చాయ్ ఇస్తారు. పాలు, ఉప్పు, వెన్న ఏసిన టీ. అందులో రొట్టె తుంచి ఏసుకొని తినాల. అమ్మ కడుపు నిండేది దాంతోనే. రొట్టె, పెరుగు, టమాటా, దోసకాయ, ఉడకేసిన ఆలుగడ్డ కూడా దొరుకుతాయి. పలావులో మాంసం ఏరేసి ఇచ్చినా, చానాచోట్ల కొవ్వులోనే వండింటారు. కాబట్టి అమ్మకు వద్దు.

ముర్గాబ్‌లో నేనే బియ్యం పెట్టినా. నీళ్లు తెర్లుతానే ఉన్నాయి, మెతుకు మాత్రం నడుమ పలుకే. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే కాగుతాయంట. చిన్న కుక్కరు మోసకపోతే సరి. లేకుంటే ఎండు సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి. మేము వాటి మీదే నెట్టుకొచ్చినాం.

కడప_సైకిలు
అన్నా, దారి తిరగేసినా. దుషాన్బే నుంచే. అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపిస్తే ఆ ఇల్లు చూడాల్సిందే అంటాంది. బండి ఎట్ల కుదుర్చుకోవాల? ఏ నెల మేలు?

అనంత_బాటసారి
దుషాన్బే నుంచి ఖోరోగ్‌కు షేరింగ్ బండ్లుంటాయి. తెల్లారకముందే స్టాండుకు పోవాల, మనుషులు నిండేదాకా కదలవు. దాదాపు 600 కిలోమీటర్లు, రోడ్డు చానాచోట్ల చెడిపోయింది. అమ్మకు ముందు సీటు అడిగి పెట్టించు, అవసరమైతే రెండు సీట్ల డబ్బులు కట్టు. ఖోరోగ్ నుంచి వాఖాన్ మీదుగా ముర్గాబ్‌కు జీపు మాట్లాడుకోవాల్సిందే. గెస్ట్‌హౌస్‌లో ఇంకో ఇద్దరు ముగ్గురు దొరికేదాకా ఆగితే ఖర్చు పంచుకోవచ్చు. ఎక్కడెక్కడ ఆగాలో, ఎన్ని రాత్రులో, డీజిల్ ఎవురిదో బయలుదేరకముందే కాగితం మీద రాయించుకో.

జూన్‌లో మంచు కరిగి వాగులు రోడ్ల మీదికొస్తాయి. ఆగస్టు ఆఖర్లో దుషాన్బేలో దిగు. సెప్టెంబర్‌లో ముర్గాబ్‌లో రాత్రిపూట నీళ్లు గడ్డకడతాయి, అమ్మకు ఉన్ని స్వెటరు, చెవుల టోపీ ఇక్కడే కొనుక్కోండి.