విడాకుల కేసు రికార్డు బయటివాళ్లు అడిగితే ఇవ్వాలా?

పల్లకి_99:
మా బంధువుల అమ్మాయికి రెండో సంబంధం చూస్తున్నారు. అబ్బాయికి విడాకులు అయిపోయాయని చెబుతున్నారు. డిక్రీ, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వు, చూపించమంటే "లాయరు గారి దగ్గరుంది, తెప్పిస్తాం" అంటున్నారు. ఆ కేసులో మనం పార్టీ కాదు. ఫ్యామిలీ కోర్టు నుంచి ఆ కాగితాలు మనమే తీసుకోవచ్చా? సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే పనవుతుందా? అసలు ఇలా బయటివాళ్లకు ఇవ్వడం సబబేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిలువుగీత:
సబబే, ఇచ్చి తీరాలి కూడా. కోర్టు తీర్పు పబ్లిక్ డాక్యుమెంటు. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 76 ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే సెక్షన్ 75. రుసుము కడితే సర్టిఫైడ్ కాపీ ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. ఫ్యామిలీ కోర్టు అనగానే అందరూ గోప్యత అంటారు. ఆ గోప్యత చాటున మొదటి పెళ్లి రద్దు కాకుండానే రెండో పెళ్లికి సిద్ధపడేవాళ్లున్నారు. నష్టపోయేది అమ్మాయి.

చిత్తుప్రతి:
సెక్షన్ 75 పూర్తిగా చదవండి. "ఎవరికైనా" ఇమ్మని అందులో లేదు. ఆ పత్రాన్ని చూసే హక్కు ఉన్న వ్యక్తి అడిగితే ఇవ్వాలని ఉంది. ఆ హక్కు ఎవరికుందో హైకోర్టు నియమాలు చెబుతాయి. పార్టీకైతే మామూలు కాపీ అర్జీ చాలు. పార్టీ కానివాళ్లు అర్జీతో పాటు అఫిడవిట్ వేసి, ఏ అవసరానికో రాసి, జడ్జి గారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. "సంబంధం చూస్తున్నాం" అని ఒక్క ముక్క రాస్తే చాలా చోట్ల తిరిగొస్తుంది.

సమాచార హక్కు దారిలో పని జరగదు. గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న తేల్చేసింది: కోర్టు రికార్డుల నకళ్లకు హైకోర్టు నియమాల్లో దారి ఉన్నప్పుడు ఆ దారినే రావాలి, సమాచార హక్కు చట్టాన్ని పట్టుకుని రాకూడదు. దరఖాస్తు పెట్టినా "కాపీ అర్జీ వేసుకోండి" అన్న జవాబే వస్తుంది, ఈలోగా నెల గడిచిపోతుంది.

ఇంకోటి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ప్రకారం ఈ కేసులన్నీ రహస్య విచారణే. ఆ వివరాలు ముద్రించినా ప్రచురించినా వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది.

నిలువుగీత:
రహస్యం అన్నది విచారణకు. కోర్టు హాల్లో జనం ఉండకూడదని దాని అర్థం. తీర్పు వచ్చాక కూడా తలుపులు మూసి ఉంచమని ఎక్కడుంది? నిషేధం ముద్రించడానికి, ప్రచురించడానికి. ఒక తండ్రి నకలు తీసుకుని ఇంట్లో చదువుకుంటే అది ప్రచురణ ఎలా అవుతుంది? పైగా ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984, సెక్షన్ 11 చూడండి. కోర్టు అనుకుంటే గానీ, పార్టీల్లో ఒకరు కోరితే గానీ రహస్య విచారణ. అంటే ఎవరూ కోరకపోతే బహిరంగమే.

చిత్తుప్రతి:
సెక్షన్ 11 అన్ని మతాల కేసులకూ, మెయింటెనెన్సుకూ, గార్డియన్ కేసులకూ కలిపి రాసినది. హిందూ వివాహ చట్టం కింద వేసిన ఓ.పి.కి (ఒరిజినల్ పిటిషనుకు) సెక్షన్ 22 ఎలాగూ ఉంది, దాన్ని ఎవరూ కోరనక్కర్లేదు. ఇంట్లో చదువుకుంటారన్న భరోసా ఎవరిస్తారు? నకలు చేతికొచ్చిన సాయంత్రానికే వాట్సాప్‌లో తిరుగుతుంది.

రికార్డుగది:
మీరిద్దరూ సెక్షన్లు తర్వాత తేల్చుకోండి. ఆయన అడిగింది ముందు తెలుసుకోవడం ఎలా అని. నకలు లేకపోయినా, కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ సైట్లో సగం పని అవుతుంది.

రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని పార్టీ పేరుతో వెతకాలి. కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. పేరు మొత్తం కొట్టారంటే దొరకదు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట 'కెఎస్‌హెచ్' తో, ఇంకోచోట 'ఎక్స్' తో ఎక్కిస్తారు. ఇంటిపేరు ముందుండొచ్చు, చివర ఉండొచ్చు, పొడి అక్షరమే ఉండొచ్చు. అందుకని ఎలా రాసినా మారని మూడు నాలుగు అక్షరాలే ఇవ్వండి, భార్య పేరుతో విడిగా, భర్త పేరుతో విడిగా వెతకండి. పెండింగు, డిస్పోజ్డ్ రెండూ వచ్చేలా పెట్టుకోండి.

ఏ జిల్లాలో వెతకాలన్న దగ్గరే చాలామంది తప్పిపోతారు. అబ్బాయి సొంతూరు ఒక్కటే చూసి కేసు లేదనుకుంటారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 19 ప్రకారం పెళ్లి జరిగిన చోట, ఎదుటివాళ్లు ఉంటున్న చోట, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట వేయొచ్చు. భార్య వేస్తే 2003 సవరణ తర్వాత ఆమె ఉంటున్న చోటా వేసుకోవచ్చు. ఇవన్నీ చూడాలి. ఫ్యామిలీ కోర్టు లేని చోట ఓ.పి. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఉంటుంది. హైకోర్టు ద్వారా ట్రాన్స్‌ఫర్ అయితే కొత్త కోర్టులో కొత్త నంబరు పడుతుంది, పాత నంబరు దగ్గర కథ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. గృహహింస కేసు మేజిస్ట్రేట్ కోర్టులో డి.వి.సి.గా ఉంటుంది, ఫ్యామిలీ కోర్టు జాబితాలో ఎంత వెతికినా కనబడదు.

కేసు దొరికితే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు రాసిపెట్టుకోండి. మొదటి రెండు రాష్ట్రం, తర్వాత రెండు జిల్లా, రెండు అంకెలు కోర్టు, ఆరంకెలు కేసు, చివరి నాలుగు సంవత్సరం. ఆ నంబరుంటే తర్వాత ఎప్పుడైనా నేరుగా కేసు దగ్గరికే వెళ్లొచ్చు.

మామిడితోట:
డిస్పోజ్డ్ అని వస్తే విడాకులు వచ్చేసినట్టే కదండీ?

రికార్డుగది:
కానే కాదు. ఎక్కువమంది మోసపోయేది ఈ మాట దగ్గరే. డిస్పోజ్డ్ అంటే ఆ కోర్టులో కేసు ముగిసిందని మాత్రమే. పిటిషను కొట్టేసినా, హాజరు కాక డిస్మిస్ అయినా, ఉపసంహరించుకున్నా, వేరే కోర్టుకు పంపినా అదే మాట పడుతుంది. కింద 'నేచర్ ఆఫ్ డిస్పోజల్' అన్న వరుస ఉంటుంది, 'అలౌడ్' (పిటిషను ఒప్పుకున్నారు) అని ఉందో 'డిస్మిస్డ్' (కొట్టేశారు) అని ఉందో అక్కడ చూడాలి. కుటుంబ కేసుల్లో ఆర్డరు పీడీఎఫ్ చాలాసార్లు సైట్లో పెట్టరు కాబట్టి ఆ వరుసే దిక్కు. అదీ గుమస్తా ఎక్కించిందే, డిక్రీకి బదులు కాదు.

కంప్యూటర్లు రాకముందు కేసులు అక్కడ ఉండవు. సంవత్సరం, పార్టీల పేర్లు పట్టుకుని కోర్టు రిజిస్టర్లు తిరగేయించాల్సిందే.

వేపచెట్టు:
పెద్దమనుషుల సమక్షంలో బాండు పేపరు మీద రాసుకున్నది చూపిస్తే నమ్మొచ్చా? నోటరీ కూడా ఉంది.

చిత్తుప్రతి:
నోటరీ ముద్రతో పెళ్లి రద్దవదు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) కాపాడుతుంది. కానీ ఆ ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. అది లేనప్పుడు కోర్టు డిక్రీ ఒక్కటే చెల్లుతుంది.

నిలువుగీత:
చూశారా, ఇంత మోసానికి చోటుందని మీరే ఒప్పుకుంటున్నారు. మళ్లీ నకలు మాత్రం ఇవ్వొద్దంటారు! ఆడపిల్ల తండ్రి ప్రతి జిల్లా సైటూ వెతుక్కోవాలి, అక్షరాలు మార్చి మార్చి కొట్టుకోవాలి, కోర్టు మాత్రం నోరు విప్పదు. గోప్యత గోప్యత అని ఎవర్ని కాపాడుతున్నారు మీరు?

చిత్తుప్రతి:
కాపాడుతున్నది ఆ మొదటి భార్యను. మీ చర్చలో ఆవిడ ఊసే లేదు. విడాకుల పిటిషన్ ఒక్కటైనా చదివారా? క్రూరత్వం రుజువు చేయాలని ప్రవర్తన మీద, ఆరోగ్యం మీద, పిల్లలు పుట్టకపోవడం మీద రాయని మాటుండదు. కోర్టు నమ్మని ఆరోపణ కూడా ఆ కేసు కట్టలో అలాగే ఉంటుంది. నకలు తీసుకున్నవాడు ఆరోపణ చదువుతాడు గానీ, దాన్ని ఎందుకు నమ్మలేదో చెప్పే పేరా దాకా రాడు. ఇద్దరూ ఒప్పుకుని వేసే మ్యూచువల్ కేసుల్లో ఆరోపణలు లేకపోయినా ఎంత డబ్బు ఇచ్చారు, పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఉంటాయి. అవి మీకెందుకు?

నిలువుగీత:
ఎందుకంటే విడాకులు అయ్యాయా లేదా అన్నది ఒక్కటే చాలదు కాబట్టి. ఎందుకు విడిపోయారో తెలియాలి. కొట్టేవాడని మొదటి భార్య ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పి ఉంటే, రెండో అమ్మాయికి అది తెలియొద్దా? ఆ సాక్ష్యం కట్టలో ఉండగా పిల్లనివ్వమంటారా? నేనడిగేది అదే, మొదటి నుంచీ.

చిత్తుప్రతి:
మొదటి నుంచీ అడిగింది డిక్రీ. ఇప్పుడు సాక్ష్యం దాకా వచ్చారు. తేడా అక్కడే ఉంది. డిక్రీలో పార్టీల పేర్లు, ఏం కోరారు, కోర్టు ఏ తేదీన ఏం ఇచ్చింది, ఖర్చులు ఎవరివి అన్నవి ఉంటాయి. దాన్ని ఎవరడిగినా ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. పెళ్లయిందా రద్దయిందా అన్నది సమాజానికి తెలియాల్సిన విషయమే. పిటిషను, దానికి అవతలివాళ్ల జవాబైన కౌంటరు, సాక్ష్యం, కౌన్సెలర్ రిపోర్టు మాత్రం ఆ ఇద్దరివి.

నిలువుగీత:
కౌంటరు లేకుండా డిక్రీ ఒక్కటి చదివితే మనిషి ఎలాంటివాడో ఏం తెలుస్తుంది? దీన్ని నేను ఒప్పుకోను.

కొలనుపాక:
పార్టీకి డిక్రీ కాపీ ఉచితంగా ఇస్తారని విన్నాను, నిజమేనా?

రికార్డుగది:
నిజమే. హిందూ వివాహ చట్టం సెక్షన్ 23(4) ప్రకారం విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టే ఇద్దరికీ చెరొక కాపీ ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి "లాయరు దగ్గరుంది" అంటే తెచ్చి చూపించడం పెద్ద పనేం కాదు. పోయినా మళ్లీ కాపీ అర్జీ వేసుకోవచ్చు.

పల్లకి_99 గారూ, మీరు థర్డ్ పార్టీగా వెళ్లకండి. అబ్బాయి చేతే అర్జీ వేయించండి. ఓ.పి. నంబరు, పార్టీల పేర్లు, తీర్పు తేదీ, తీర్పు కావాలా డిక్రీ కావాలా అన్నది అందులో రాయాలి. తీర్పు వేరు, డిక్రీ వేరు. ఒకటే అడిగితే ఒకటే ఇస్తారు. అర్జీకి సి.ఏ. (కాపీ అర్జీ) నంబరు పడుతుంది, తర్వాత ఛార్జీలు ఎంతో నోటీసు బోర్డులో పెడతారు. గడువులో కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు, మళ్లీ మొదటినుంచి వేయాలి. అప్పీలుకు కట్ట హైకోర్టుకు వెళ్లి ఉంటే ఇక్కడ నకలు తీయలేరు. అలా తిరిగొచ్చిందంటే అప్పీలు ఉందని మీకు తెలిసినట్టే. అబ్బాయి విదేశంలో ఉంటే వకాల్తా ఉన్న లాయరు వేయొచ్చు.

పల్లకి_99:
ఓ.పి. నంబరు ఇచ్చారండీ. సైట్లో చూస్తే 'ఎక్స్‌పార్టీ, అలౌడ్' అని ఉంది. కాపీకి వాళ్ల లాయరు అర్జీ వేస్తానన్నారు. డిక్రీ వస్తే ఇక సరిపోయినట్టేనా?

చిత్తుప్రతి:
ఎక్స్‌పార్టీ అయితే ఇంకా జాగ్రత్త. అవతలివాళ్లు రాకుండా వచ్చిన డిక్రీని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద రద్దు చేయమని అడగొచ్చు. సమన్లు సరిగ్గా అందలేదని చెబితే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెడతారు, డిక్రీ తేదీ నుంచి కాదు. అదే కోర్టులో ఆ డిక్రీ మీద ఐ.ఏ. (కేసులో వేసే అనుబంధ అర్జీ) ఏమైనా ఉందా అని చూడండి.

రికార్డుగది:
అప్పీలు గడువు కూడా చూడాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 2003 సవరణ నుంచి 90 రోజులు. పెళ్లి తేదీ పెట్టుకునేటప్పుడు 90 పట్టుకోండి. అవతలివాళ్లు నకలు కోసం ఆగిన రోజులు లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 కింద గడువులోంచి తీసేస్తారు కాబట్టి, 91వ రోజున ముహూర్తం పెట్టుకోవడం మంచిది కాదు. గడువు దాటకుండా పెళ్లి చేసుకుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 15తో చిక్కు.

హైకోర్టు సైట్లో ఎఫ్.సి.ఏ. (ఫ్యామిలీ కోర్టు అప్పీలు) కేసుల్లో రెండు పేర్లతోనూ వెతకండి. 2019 జనవరి 1న హైకోర్టులు వేరయ్యాయి. అంతకుముందు హైదరాబాద్‌లో వేసిన ఆంధ్ర జిల్లాల అప్పీళ్లు ఇప్పుడు అమరావతి జాబితాలో ఉంటాయి. సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాక కోర్టు సీలు, సూపరింటెండెంటు సంతకం, అర్జీ వేసిన తేదీ, ఛార్జీలు కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ వేసి ఉన్నాయా అని చూడండి. ఆ ముద్రలు లేని జిరాక్సు ఎంత శుభ్రంగా ఉన్నా ఒప్పుకోకండి. ఓ.పి. నంబరు, పేర్లు, తేదీ సైట్లో ఉన్నవాటితో సరిపోల్చండి.

నిలువుగీత:
ఇన్ని చూసుకున్నా, ఎందుకు విడిపోయారో మాత్రం తెలియదు. నా ప్రశ్న అలాగే ఉంది.

చిత్తుప్రతి:
అది ఆ అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి. తీర్పు ఆయన చేతిలోనే ఉంటుంది కదా, ఆయనే చదివి వినిపించవచ్చు. చూపించనంటే అప్పుడు సంబంధం వద్దనండి. అంతేగానీ ఆ అమ్మాయి సాక్ష్యం మనం చదవక్కర్లేదు.