సమస్య: ఓడలున్నవాఁడె యోడిపోయె

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. అంశం రోముకూ, ఆఫ్రికా ఉత్తర తీరంలోని కార్తేజి నగరానికీ జరిగిన మూడు యుద్ధాలు (క్రీ.పూ. 264–241, 218–201, 149–146). ఏ యుద్ధానికి పూరిస్తున్నారో చెప్పండి. ఓడకూ ఓటమికీ శబ్దం కలిసింది కదా అని గట్టెక్కేస్తే ఒప్పుకోను, చరిత్ర కూడా కలవాలి. పాదం మొదట యోడ, నోడ అని సంధి చేసుకోవచ్చు.

పూరణ 1 (విజయనగరం, మొదటి యుద్ధం)

కడలి యేలినట్టి కార్తేజి నౌకలఁ
జూచి రోము నేర్చెఁ జోద్యముగను
కాకిముక్కు వంటి కఱ్ఱవంతెన వేయ
నోడలున్నవాఁడె యోడిపోయె

నిర్వాహకులు: మంచి ఆరంభం. చిక్కిన ఒక కార్తేజి ఓడను నమూనాగా పెట్టుకుని రోము 100 పెద్ద ఓడలూ 20 చిన్నవీ కట్టింది. తెడ్లు వేయడం మాత్రం నేల మీద బల్లలు పరిచి నేర్పారట! క్రీ.పూ. 260లో సిసిలీ తీరాన మైలే దగ్గర ఎదుటి ఓడ మీదికి కొక్కెమున్న పలక దించి సైనికులను దాటించారు. ఆ పలక పేరే 'కాకి'. 'చోద్యముగను'లో 'ను' గణం కోసం వచ్చింది. 'చోద్యమొదవ' అంటే సరి.

హైదరాబాద్ సభ్యులు: ఒక్క మాట గురువుగారూ. కాకి వంతెనతో యుద్ధం తేలలేదు. 241లో ఏగాటిస్ దీవుల దగ్గర కార్తేజి ఓడలు ధాన్యం బరువుతో వచ్చి చిక్కాయి. రోము ఓడలు తేలికగా ఉన్నాయి.

నిర్వాహకులు: నిజమే. పద్యం యుద్ధం మొదట్లోనే ఆగిపోయింది.

పూరణ 2 (రాజమండ్రి, అదీ మొదటి యుద్ధమే)

కోడి మేఁత మాన కోపించి నీటిలో
ముంచె రోము నేత మూర్ఖుఁడగుచు
ద్రెపన రేవు కడను దీనుఁడై తాఁ బాఱె
నోడలున్నవాఁడె యోడిపోయె

నిర్వాహకులు: అక్కయ్యగారూ, నవ్వించారు. క్రీ.పూ. 249, సిసిలీలోని ద్రెపన రేవు. శకునం కోళ్లు గింజ ముట్టకపోతే 'తినకపోతే తాగుతాయి' అని రోము సేనాని క్లాడియస్ పుల్కర్ వాటిని సముద్రంలో వేయించాడన్న కథ అది. కార్తేజి 93 రోము ఓడలను పట్టుకుంది. సమస్యను రోముకే తిప్పికొట్టడం ఎవరికీ తట్టలేదు.

పూరణ 3 (హైదరాబాద్, రెండో యుద్ధం)

కొండ దాటి వచ్చి కూలెను హన్నిబాల్
నీట రోము బలము నిలిచియుండ
నెట్లు నమ్మువాఁడ నిట్టి మాటను నేను
'ఓడలున్నవాఁడె యోడిపోయె'

నిర్వాహకులు: సమస్యను కాదనడం ద్వారా పూరించారు. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఈ యుద్ధానికి నిజంగానే ఈ పాదం సరిపోదు. మొదటి యుద్ధంలో కార్తేజి వాళ్లు ఓడలు పోగొట్టుకున్నారు కాబట్టే రెండోదానికి వాళ్ల సేనాని హన్నిబాల్ ఆల్ప్స్ కొండలు ఎక్కాల్సి వచ్చింది. 216లో కన్నే దగ్గర అంత ఘోరంగా ఓడించినా, ఇటలీలో ఏళ్లకేళ్లు తిరిగినా, హన్నిబాల్‌కు సొంత ఊరి నుంచి సముద్రం మీద అందిన సాయం చాలా తక్కువ. 'కూలెను' మాత్రం తొందరపాటు. ఆయన ఓడింది ఇటలీలో కాదు, 202లో ఆఫ్రికాలో, జామా దగ్గర.

పూరణ 4 (డల్లాస్, మూడో యుద్ధం)

సంధి పేర రోము సంకెల వేయఁగా
నౌకలన్ని కాలి నాశమయ్యె
మిగుల నిచ్చె నతఁడు మిక్కుటముగఁ బది
యోడలున్నవాఁడె యోడిపోయె

నిర్వాహకులు: 'పది'ని సమస్యకు అతికించి అర్థమే మార్చేశారు, భేష్! 201 సంధిలో కార్తేజికి మిగిల్చింది పది యుద్ధనౌకలే. 'మిక్కుటముగ'లో వెటకారం పండింది. మొదటి యుద్ధానికి కార్తేజి రోముకు కట్టాల్సిన జరిమానా 3,200 టాలెంట్లు (అప్పటి వెండి తూకం), పదేళ్లలో. రెండోదానికి 10,000, యాభై ఏళ్లలో. ఆ వాయిదాలు తీరిన రెండేళ్లకే మూడో యుద్ధం మొదలైంది.

విజయనగరం సభ్యులు: ఐదో పద్యం రాస్తున్నాను. కార్తేజి నేలలో ఉప్పు చల్లిన సంగతి పెట్టనా?

నిర్వాహకులు: వద్దు బాబూ. పాత చరిత్రకారులెవరూ ఆ ఉప్పు మాట చెప్పలేదు, చాలా తర్వాత అతికిన కథ. దానికన్నా మంచి సంగతి ఒకటి ఉంది. మూడో యుద్ధంలో రోము ముట్టడి నడుస్తుండగానే కార్తేజి జనం లోలోపల 50 ఓడలు కట్టుకున్నారు. రేవుకు కొత్త దారి తవ్వి ఒకరోజు ఉన్నట్టుండి సముద్రంలోకి వచ్చారు. రోమన్లు తెల్లబోయారు. అప్పుడే మీద పడాల్సింది. ఊరికే ఓడలు చూపించి వెనక్కి వెళ్లారు, మళ్లీ మూడో రోజున గానీ యుద్ధానికి రాలేదు. ఈ సమస్య అచ్చంగా ఆ రోజుకే పుట్టినట్టుంది. దాని మీద ఇంకా ఎవరూ రాయలేదు. గడువు రేపు రాత్రి తొమ్మిది దాకా పెంచుతున్నాను.