కుడి ట్యాంకు వాడుతుంటే ఎడమ ట్యాంకు నిండుతోంది, ఎందుకు?

కాకినాడ బోటు:
మాది 30 అడుగుల ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజిన్. ఇంజిన్ పెట్టెకి అటొకటి ఇటొకటి 120 లీటర్ల ట్యాంకులున్నాయి. రెండిటి పైపులూ టీ జాయింటు దగ్గర కలిసి ఫిల్టర్‌లోకి వెళ్తాయి, ఒక్కోదానికీ తెరిచి మూసే ఒక కాక్. కొన్నప్పటి నుంచీ ఒకటే బాధ. రెండు కాక్‌లూ తెరిచి నడిపితే కాసేపటికి బోటు ఎడమకి ఒరుగుతుంది, ఇక ఒడ్డుకొచ్చేదాకా చుక్కాని ఒక పక్కకి బిగబట్టుకుని కూర్చోవాల్సిందే.

మొన్న హోప్ ఐలాండ్ దాటి బయటికి వెళ్లేటప్పుడు, పోయేప్పుడు కుడిది, వచ్చేప్పుడు ఎడమది వాడితే సరిపోతుంది కదా అనుకున్నాను. రెండిట్లోనూ 80 లీటర్లు ఉన్నట్టు డిప్ కర్ర పెట్టి చూసుకున్నాకే బయల్దేరాను. కుడి కాక్ ఒక్కటే తెరిచి సరిగ్గా రెండు గంటలు నడిపి ఆపి చూస్తే కుడి ట్యాంకులో 30 ఉంది. మా ఇంజిన్ గంటకి 8 లీటర్లకి మించి తాగదు, మరి 50 లీటర్లు ఎలా పోయాయి? లీకేమోనని టెన్షన్ పడి బోటు అడుగంతా వెతికాం, చుక్క కూడా లేదు. తర్వాత ఎడమది చూస్తే 114! కాక్ మూసే ఉంది, చేత్తో తిప్పి మరీ చూశాను. పైగా అలకి ఊగినప్పుడల్లా ఎడమ గాలి గొట్టం (ట్యాంకులోకి గాలి వెళ్లే పైపు) లోంచి డీజిల్ బొట్లు బొట్లుగా సముద్రంలోకి కారుతోంది. ఎవరికైనా ఇలా జరిగిందా? దయచేసి చెప్పండి.

హార్బర్ మెకానిక్:
తమ్ముడూ, లీకు లేదు, కాక్ పాడవలేదు. రిటర్న్ పైపు ఎక్కడికి పోతోందో చూడు. డీజిల్ ఇంజిన్ తనకి కావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ లాగి, కాల్చగా మిగిలింది వెనక్కి పంపేస్తుంది. మీ బోటులో ఆ పైపుని ఎడమ ట్యాంకుకి మాత్రమే కలిపి ఉంటారు. నువ్వు చెప్పిన లెక్కే సాక్ష్యం: కుడి నుంచి 50 పోయింది, ఎడమకి 34 వచ్చింది, తేడా 16. రెండు గంటలకి నీ ఇంజిన్ తాగింది అంతే.

నమ్మకం కుదరకపోతే జెట్టీ దగ్గర రిటర్న్ పైపు ట్యాంకు వైపు ఊడదీసి, ఎప్పుడూ నడిపే స్పీడులో ఇంజిన్ పెట్టి, ఒక్క నిమిషం లీటరు బాటిల్‌లో పట్టు. పైపుని మాత్రం మడవకు, వేలు అడ్డం పెట్టకు.

ఓడ ఉద్యోగి:
పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం అండి. నేను ఇంజిన్ రూమ్‌లోనే పని చేస్తాను. ఒకటి గమనించండి, డీజిల్ లీటరు దాదాపు 840 గ్రాములు. 114కీ 30కీ తేడా 84 లీటర్లు, అంటే 70 కిలోలు. ఒక మనిషి పొద్దుటి నుంచీ ఎడమ అంచు మీదే కూర్చున్నట్టు.

రెండు కాక్‌లూ తెరిస్తే సమానంగా లాగుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పంపుకి కుడి, ఎడమ తెలియవు, ఏ పైపు తేలిగ్గా వస్తే దాన్నే లాగుతుంది. ఒక పైపు కాస్త పొడవున్నా, ఒక గాలి గొట్టంలో ఉప్పు పేరుకున్నా, పురుగు గూడు కట్టినా చాలు, ఆ ట్యాంకు వెనకబడిపోతుంది.

తెలంగాణ, ఇప్పుడు టెక్సాస్:
గాల్వెస్టన్ దగ్గర నాకూ రెండు ట్యాంకుల డీజిల్ బోటు ఉంది. ట్యాంకుల అడుగున రెండిటినీ కలుపుతూ ఒక లెవెలింగ్ పైపు వేస్తే పోలా? నీళ్లలాగా అదే సమానమవుతుంది.

ఓడ ఉద్యోగి:
బోటు నిటారుగా ఉన్నంతసేపే అండి. ఒరిగితే డీజిల్ పల్లం వైపుకే పోతుంది, ఒరుగు ఇంకా పెరుగుతుంది. ట్యాంకుల్లో మట్టం సమానమయ్యేది సముద్రంతో పోల్చుకుని, మన బోటుతో కాదు. వేసినా రెండు చివర్లా కాక్‌లు పెట్టి, జెట్టీలో ఉన్నప్పుడే తెరవాలి.

హార్బర్ మెకానిక్:
ఇంకో ప్రమాదం కూడా ఉంది. రెండు కాక్‌లూ తెరిచి ఉండి ఒక ట్యాంకు అడుగంటిందనుకో, రెండో దాంట్లో ఎంత డీజిల్ ఉన్నా పంపు ఖాళీ పైపు లోంచి గాలినే లాగుతుంది, గాలి తేలిక కాబట్టి. నా కుర్రతనంలో నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పాటు మీద (నీళ్లు వెనక్కి తీసే వేళ), ఎదురు కెరటాల్లో ఇలాగే ఇంజిన్ ఆగిపోయింది. ఆ గాలి బయటికి పోవడానికి ఫిల్టర్ మీది నట్టు వదులు చేసి, ఒక చేత్తో హ్యాండ్ పంపు కొడుతూ నురగ పోయి డీజిల్ తేటగా వచ్చేదాకా ఆగాలి, బోటేమో ఇసుక మేట మీదకి పోతోంది. ఆ రోజు నుంచీ ఒకసారికి ఒకే ట్యాంకు. మార్చేటప్పుడు మాత్రం కొత్తది తెరిచాకే పాతది మూస్తాను.

కాకినాడ బోటు:
అన్నా, పట్టి చూశాను. నిమిషానికి 280 మిల్లీలీటర్లు వచ్చింది, గంటకి దాదాపు 17 లీటర్లు! ఎడమ గాలి గొట్టం ఊది చూశాను, బాగానే ఉంది, కుడిది కొంచెం మూసుకుపోయి ఉంటే తీగతో పొడిచి శుభ్రం చేశాను. పైపులు మార్చేదాకా ఎలా నడపమంటారు?

ఓడ ఉద్యోగి:
మీ అంకెలతోనే లెక్క వేశాను. గంటలో 50 నిమిషాలు ఎడమది, 10 నిమిషాలు కుడిది వాడండి. ఎడమది వాడేటప్పుడు రిటర్న్ అందులోకే పడుతుంది కాబట్టి కాలినంతే తగ్గుతుంది. కుడిది వాడే ఆ 10 నిమిషాల్లో నాలుగు లీటర్లు పైకి లాగి, అందులో మూడు దాకా ఎడమలో పోస్తుంది. గంట తిరిగేసరికి రెండూ నాలుగేసి లీటర్ల చొప్పున తగ్గుతాయి. ట్యాంకు ఎప్పుడూ మూతి దాకా నింపకండి, ముఖ్యంగా ఎడమది. ఆ కారేది డబ్బు ఒక్కటే కాదు, మడ అడవుల పక్కన చేపల వేట చేసుకునేవాళ్లం మనం.

హార్బర్ మెకానిక్:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఎలాగూ ఉంటుంది, బోటు ఒడ్డుకి లాగినప్పుడు చేయించు. సప్లై, రిటర్న్ రెండూ ఒకే పిడితో మారే ఆరు పోర్టుల వాల్వు దొరుకుతుంది, అదే అన్నిటికన్నా మంచిది. ఏ ట్యాంకు లోంచి లాగితే మిగిలింది ఆ ట్యాంకులోకే పోతుంది. ఖర్చు ఎక్కువనుకుంటే రిటర్న్‌కి విడిగా త్రీ వే వాల్వు వేయించు, కానీ ఏ స్థితిలోనూ రెండు దారులూ మూసుకోనిదే కొను. రిటర్న్‌కి మామూలు కాక్‌లు రెండు పెట్టి, మర్చిపోయి రెండూ కట్టేస్తే ప్రెజర్ పెరిగి పంపు సీళ్లు పోతాయి. పిడి పక్కనే పెయింట్‌తో ఎడమ, కుడి అని పెద్దగా రాయించు, రాత్రి కలాసీకి టార్చి వెలుగులో కనబడాలి.