నాగపూర్‌ల విమానాల రిపేరు పని పెరుగుతున్నదంటే, పెరిగేది ఏంది?

సిరొంచ_పోరడు:
ఎయిర్‌లైన్ రిపేరు విభాగం పెరిగిందంటే హ్యాంగర్లు పెరిగినట్టేనా? మనకు దగ్గరిది నాగపూర్ ఎయిర్‌పోర్టు పక్క మిహాన్‌ల ఉన్న ఏఐఈఎస్ఎల్, విమానాల రిపేరు కంపెనీ. తమ్ముడు బారావీ సైన్స్ మ్యాథ్స్‌తోని పాసయి, ఐటీఐ ఫిట్టర్ చేసిండు. వానికి దారి ఉందా అన్నా?

బల్లార్షా_145:
హ్యాంగర్ కట్టుడు సులువు. ఏ320 విమానానికి సీ-చెక్, అంటే విప్పి చేసే పెద్ద తనిఖీ, కొన్నేండ్లకోసారి వస్తది. టాస్క్ కార్డుల మీద రాసిన పని ముందే తెలుసు, మనుషుల లెక్క కట్టొచ్చు. ప్యానెళ్లు విప్పినంక బయటపడే పనే షెడ్యూలును తింటది. గ్యాలీ (విమానంల వంటగది), టాయిలెట్ కింది ఫ్లోర్ బీములు, సీట్లు బిగించే ట్రాకులు ముందు చూడాలె. నీళ్లు దిగి తుప్పు పట్టేది అక్కడనే. తుప్పు గీకినంక మిగిలిన లోహం మందం స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ హద్దులో ఉంటే సరే. దాటిందంటే తయారీ కంపెనీని అడగాలె. జవాబు వచ్చేదాక బే (హ్యాంగర్‌ల విమానం నిలిపే జాగ) ఖాళీ కాదు, వెనక రావాల్సిన విమానమూ ఆగుతది. పార్టుకు ఫారం 1 లాంటి, వాడొచ్చని చెప్పే సర్టిఫికెట్ లేకుంటే సీలు విప్పని కొత్తదైనా క్వారంటైన్ అరలకే. లెక్కపెట్టాల్సింది విమానం ఎగరొచ్చని సంతకం పెట్టే ఇంజినీర్లను, స్టోర్‌ల సరుకును.

అహేరి_షాప్:
పన్ను సంగతి మర్చిపోవద్దు. విమానాల రిపేరు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగింది 2020 ఏప్రిల్‌ల. పార్టుల మీద ఒకే 5 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీది జీఎస్టీ) 2024 జూలైల వచ్చింది. అయినా పెద్ద ఖర్చు ఇంజిన్లదే, బాడీది కాదు. విభాగం నిజంగ పెరుగుతుందా అంటే ఇంజిన్లు, పార్టులు బాగుచేసే సొంత షాపులు ఉన్నయా చూడుండ్రి. మొదలు పెట్టెటోళ్లకు చక్రాలు, బ్రేకుల షాపు నయం. టైరు తీసి, చక్రం రెండు సగాలు విడదీసి, బీడ్ సీట్ (టైరు అంచు కూర్చునే చోటు) దగ్గర ఎడ్డీ కరెంట్ అనే కరెంటు పరీక్షతోని పగుళ్లు వెతుకుతరు. రెండు సగాలను కలిపే టై బోల్టులకు మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్, అంటే అయస్కాంతంతోని పగుళ్లు చూసుడు. బోల్టుకు టార్క్ (బిగింపు) తక్కువైతే లోడ్ ఊగి పగులుతది. టైరుల నింపేది నైట్రోజన్.

బల్లార్షా_145:
తమ్ముడు ఐటీఐతోని టెక్నీషియన్‌గ చేరొచ్చు, విమానం ఎగరొచ్చనే సంతకం మాత్రం పెట్టలేడు. దానికి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే కార్-66 లైసెన్స్ కావాలె: మెకానికల్‌కు బీ1.1, ఏవియానిక్స్‌కు బీ2. ప్రతి మాడ్యూల్ (పరీక్ష పేపరు)ల 75 శాతం రావాలె. కార్-147 (శిక్షణ కాలేజీల నిబంధన) ఆమోదం ఉన్న కోర్సయితే రెండేండ్ల అనుభవం చాలు, లేకుంటే ఇంకా ఎక్కువ. లైసెన్స్ వచ్చినా ఆ విమానం మోడల్‌కు టైప్ రేటింగ్ అనే అర్హత లేనిది రిలీజ్ సంతకం కుదరదు. ఫీజు కట్టకముందే కాలేజీ ఆమోదం ఏ కేటగిరీకో చూడుండ్రి. సర్వీసుల ఉన్న విమానం మీద ప్రాక్టికల్ ఏ కార్-145 (రిపేరుకు ఆమోదం ఉన్న) సంస్థల చేపిస్తరో అడుగుండ్రి. నోటిమాట చెప్తే ఒప్పందం కాగితం చూపియ్యమనుండ్రి.