అప్‌డేట్: నాన్నగారి మూత్రంలో ఎన్‌గాల్ పరీక్ష గురించి

విరేచనాలతో నల్లగొండలో ఆసుపత్రిలో చేరిన మా నాన్నగారికి మూత్రం తగ్గినా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థపదార్థం) మామూలుగానే ఉందని, మూత్రంలో ఎన్‌గాల్ (NGAL, కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో పెరిగే ఒక ప్రోటీన్) పరీక్ష చేయించాలా అని ఇదివరకు అడిగాను. చేయించాము, అది ఎక్కువగా వచ్చింది, మరునాటికి క్రియాటినిన్ కూడా పెరిగింది. కిడ్నీ నాళికలు దెబ్బతిన్న కొద్ది గంటల్లోనే ఎన్‌గాల్ పెరుగుతుందని, క్రియాటినిన్‌కు ఒకటి రెండు రోజులు పట్టవచ్చని డాక్టరుగారు వివరించారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్‌గాల్ పెరుగుతుంది కనుక చీము కణాలు లేవని ముందే చూసుకున్నారు. ఈ జాగ్రత్త అందరూ తెలుసుకోవలసినది. సెలైన్ ఎక్కించి, నొప్పి మాత్రలు ఆపించి, గంటగంటకూ మూత్రం కొలిచారు. కిలో బరువుకు గంటకు 0.5 మి.లీ. కంటే తక్కువగా 6 గంటలు సాగితే అదే కిడ్నీ దెబ్బకు గుర్తు, ఈ కొలత ఏ చిన్న ఆసుపత్రిలోనైనా సాధ్యమే. డయాలసిస్ అవసరం పడలేదు. క్రియాటినిన్ తగ్గుతోంది, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించమన్నారు.