దుబాయ్‌లో 11,000 దిర్హాముల ఆఫర్ వచ్చింది, భార్యా పాపతో వెళ్తే ఏమైనా మిగులుతుందా?

నిజాంపేట్ నాన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో ఎకౌంట్స్ చూస్తాను, చేతికి 1,15,000 వస్తుంది. మా ఆవిడ ఇంటి దగ్గర స్కూల్లో టీచర్, తనకి 22,000. ఫ్లాట్ లోన్ ఈఎంఐ 38,000, ఇంకా పదకొండేళ్ళు కట్టాలి. అమ్మానాన్న మాతోనే ఉంటారు, నాన్నకి షుగరు, బీపీ, మందులకే నెలకి 6,000 దాకా అవుతుంది. పాప ఒకటో క్లాసు.

ఇప్పుడు దుబాయ్ నుంచి ఆఫర్ వచ్చింది. నెలకి మొత్తం 11,000 దిర్హాములు, అందులో బేసిక్ 4,500, మిగతాది హౌసింగ్, ట్రాన్స్‌పోర్ట్, ఇంకేవో అలవెన్సులు. నవంబర్ 1న జాయిన్ అవమంటున్నారు. దిర్హాముకి 24 రూపాయలు వేసుకుంటే 2,64,000, పైగా అక్కడ ఇన్‌కమ్ టాక్స్ లేదు. ఇంట్లో అందరికీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు, మామయ్యగారు అప్పుడే చుట్టాలందరికీ చెప్పేశారు. నాకు మాత్రం వారం నుంచి నిద్ర లేదు. ముగ్గురం వెళ్ళి, అక్కడ అద్దె కట్టి, ఇక్కడ ఈఎంఐ కట్టి, అమ్మానాన్నకి పంపాక చేతిలో ఎంత ఉంటుంది? అక్కడ ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

ఖుసైస్ తమ్ముడు:

అన్నా, ముందు ఆ 24తో గుణించడం ఆపెయ్. నువ్వు ఇంటికి పంపే దానికే ఆ లెక్క, ఇక్కడ తినే దానికీ ఉండే దానికీ కాదు. మాదీ నీలాగే ముగ్గురి కుటుంబం, పాప కూడా చిన్నదే, ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాం కాబట్టి మా ఇంటి లెక్కే చెప్తాను.

మేం అల్ నహ్దాలో మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటున్నాం. అద్దె ఏడాదికి 60,000 దిర్హాములు, అంటే నెలకి 5,000 పోయింది. ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు అని కరెంటు బిల్లులోనే కలిపి తీసుకుంటారు, అది నెలకి 250. కరెంటూ నీళ్ళూ కలిపి దేవా బిల్లు అంటాం, ఏసీ ఆపే పని ఉండదు కాబట్టి సగటున 600. ఇంట్లో ఇంటర్నెట్ 380, ఫోన్లు 250, నా మెట్రో పాస్ 350, కూరలూ పాలూ సరుకులూ ఎంత పొదుపుగా ఉన్నా 1,600. పాప ఇండియన్ స్కూలు ఫీజు ఏడాదికి 13,000, బస్సు 4,500, అంటే నెలకి దగ్గర దగ్గర 1,460. మొత్తం 9,890. నీ 11,000లో ఇంకా 1,110 మిగిలింది చూడు, ఇప్పుడు దాన్ని 24తో గుణించు, 26,640 రూపాయలు. నీ ఈఎంఐ 38,000. ఒక్క పండక్కి బట్టలు కొనకుండా, ఒక్కసారి కూడా ఇండియా టికెట్ వేయకుండా ఉన్నా ఆ ఈఎంఐ అందులో రాదన్నా. ఆవిడ జీతం 22,000 పోయేది నేను లెక్కలో వేయనే లేదు.

ఇంకో మాట, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఇక్కడ అద్దె నెలనెలా కాదు, ఏడాదికి నాలుగో ఆరో చెక్కులు ముందే తేదీలు వేసి ఇచ్చెయ్యాలి. మేం ఫ్లాట్ తీసుకున్న రోజు ఏజెంట్ టేబుల్ మీద నాలుగు చెక్కులు పరిచి మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మొదటి చెక్కు 15,000, డిపాజిట్ 3,000, ఏజెంట్‌కి 3,000, దేవా డిపాజిట్ 2,000. ఇల్లు తెరవక ముందే 23,000, అంటే మన డబ్బుల్లో ఐదున్నర లక్షలు. మంచం, ఫ్రిజ్ ఇంకా రాలేదు.

దిర్హాము విలువ డాలరుకి 3.6725 అని 1997 నుంచి కట్టేసి ఉంది. రూపాయి పడిపోతే నీకు పంపేటప్పుడు నాలుగు రూకలు ఎక్కువ వస్తాయి, అంతవరకే.

మౌలాలి నుంచి:

అంత భయపెట్టకండి బ్రదర్. నేను 8,000 మీద వచ్చాను, దుబాయ్ పక్కనే ఉన్న షార్జాలో ఉన్నాం, ఇద్దరమే, నెలకి 50,000 రూపాయలు ఇంటికి పంపాను. వచ్చిన అవకాశం వదులుకోవద్దు, రెండేళ్ళ అనుభవం ఉంటే కంపెనీ మారి జీతం పెంచుకోవచ్చు.

ఖుసైస్ తమ్ముడు:

మీరిద్దరే, స్కూలు ఫీజు లేదు, ఈఎంఐ లేదు. తేడా అక్కడే ఉంది కదా. అన్నని రావొద్దు అనడం లేదు నేను. ముగ్గురూ ఒకేసారి దిగొద్దు అంటున్నా.

తిరిగొచ్చినోడు:

అందరూ అద్దె దగ్గరే ఆగారు, నేను బేసిక్ గురించి చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. నాకు కంపెనీ మెయిల్‌లో పంపిన లెటర్‌లో బేసిక్ 5,000 అని ఉంది. అక్కడ దిగిన నాలుగో రోజు వీసా, ఉద్యోగం కాగితాలు తయారుచేసే ఒక టైపింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళి సంతకం పెట్టమన్నారు. అరబిక్ ఒక పక్క, ఇంగ్లిష్ ఒక పక్క ఉన్న కాగితం. ఇంగ్లిష్ పక్కన బేసిక్ 2,000 అని స్పష్టంగానే ఉంది, మిగతాదంతా అలవెన్సుల్లో వేశారు. "టోటల్ అదే కదా భాయ్" అన్నాడు పక్కనున్న వాడు, బయట ఇంకో పదిమంది లైన్‌లో ఉన్నారు, పెట్టేశాను. నాలుగేళ్ళ ఎనిమిది నెలలు చేసి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ 16,000 పైన వస్తుందనుకుంటే 6,500 చేతిలో పెట్టారు. మా చెల్లి పెళ్ళికని లెక్క వేసుకున్న డబ్బు అది.

అక్కడ గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళూ ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. మీ 4,500 బేసిక్ అయితే రోజుకి 150, ఏడాదికి 3,150 దిర్హాములు. అదే బేసిక్ 6,500 చేయించుకుంటే 4,550. ఉద్యోగం పోతే మూడు నెలల వరకూ ఇచ్చే ఇన్సూరెన్స్ కూడా బేసిక్‌లో 60 శాతమే. మొత్తం పెంచమంటే పెంచరేమో గానీ, అదే మొత్తంలో బేసిక్ పెంచమని అడగండి. అక్కడి కార్మిక శాఖ నుంచి మినిస్ట్రీ ఆఫర్ లెటర్ అని వేరే వస్తుంది, అది వచ్చాక కంపెనీ లెటర్‌తో పక్కపక్కన పెట్టి ప్రతి అంకె చూడండి, ఆ తర్వాతే ఇక్కడ రాజీనామా. వీసా ఖర్చు జీతంలో కోస్తాం అంటే ఒప్పుకోకండి, చట్టం ప్రకారం అది కంపెనీ పెట్టుకోవాల్సిందే.

షార్జా అమ్మ:

ఆవిడ తరఫున నేను మాట్లాడతానండి. నేనూ హైదరాబాద్‌లో టీచర్‌నే, ఉద్యోగం మానేసి పాపని ఎత్తుకుని వచ్చాను. భర్త వీసా మీద ఉన్నా పని చేయొచ్చు, కానీ వర్క్ పర్మిట్ కావాలి, టీచర్ అయితే సర్టిఫికెట్లన్నీ అటెస్టేషన్ (అసలువేనని అధికారిక ముద్ర) అయ్యి ఉండాలి. నాకు ఉద్యోగం దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ నాలుగు గోడల మధ్య, ఆయన పొద్దున 5:45కి, దుబాయ్‌కి వెళ్ళే ఇత్తిహాద్ రోడ్ ట్రాఫిక్ కంటే ముందే బయల్దేరి రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. షార్జాలో అద్దె దుబాయ్ కంటే బాగా తక్కువ, నిజమే, కానీ అలా మిగిలిన డబ్బుకి బదులు ఆయనకి నిద్ర లేకుండా పోయింది. ఎండాకాలం ఎలా ఉంటుందంటే, చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి, గీజర్ ఆపేసి అందులో చల్లారిన నీళ్ళు పోసుకుంటాం. పాపని సాయంత్రం పార్కుకి తీసుకెళ్ళాలన్నా చీకటి పడాలి.

ఇక్కడ ఇండియన్ స్కూళ్ళు ఏప్రిల్‌లో మొదలవుతాయి. మీరు నవంబర్‌లో చేరితే ప్రొబేషన్ ఆరు నెలలకి మించకూడదు కాబట్టి ఏప్రిల్ చివరికి అయిపోతుంది. పాపని మధ్యలో స్కూలు మార్చకండి, ఒకటో క్లాసు అక్కడే పూర్తి చేయనివ్వండి. ఈలోగా మ్యారేజ్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్, ఆవిడ డిగ్రీ, బీఈడీ హైదరాబాద్‌లోనే అటెస్టేషన్ చేయించండి. ఇక్కడికి వచ్చాక అవన్నీ కొరియర్లలో తిప్పుతూ నేను పడ్డ టెన్షన్ మీ ఆవిడకి వద్దు. ఇంకోటి, మీ నాన్నగారిని రాత్రి పూట హాస్పిటల్‌కి ఎవరు తీసుకెళ్తారో ఇంట్లో కూర్చుని మాట్లాడారా? మా మామగారి విషయంలో మేం మాట్లాడుకోలేదు.

సీఏ, అమీర్‌పేట్:

దుబాయ్‌లో టాక్స్ లేదు, సరే. ఇక్కడి సంగతి చూశారా? ఉద్యోగం కోసం వెళ్తున్నా సరే, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు ఉంటే మీరు రెసిడెంటే. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా 214 రోజులు. అంటే నవంబర్ నుంచి మార్చి దాకా మీరు అక్కడ సంపాదించే 55,000 దిర్హాములు, దాదాపు 13 లక్షలు, ఇక్కడి జీతానికి కలిపి ఈ ఏడాది రిటర్న్‌లో చూపించాలి. మీ స్లాబుల్లో రెండు లక్షల పైమాటే పన్ను వస్తుంది. ఆ డబ్బు విడిగా పెట్టుకోండి, ఇంటికి పంపి ఖర్చు పెట్టేసి జూలైలో నా దగ్గరికి వచ్చి తల పట్టుకున్నవాళ్ళు చాలామంది. వచ్చే ఏడాది నుంచి ఎన్‌ఆర్‌ఐ అయితే అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. వెళ్ళాక మీ సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతా) మార్చండి, పంపే డబ్బుకి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఈఎంఐ కూడా దాంట్లోంచే పోనివ్వొచ్చు.

నిజాంపేట్ నాన్న:

ఇవన్నీ రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ 1,110 దగ్గర తనే పెన్ను తీసుకుని మళ్ళీ లెక్క వేసింది, అంతే వచ్చింది. నేనొక్కడినే వెళ్తే ఎంత అని ఖుసైస్ తమ్ముడు మెసేజ్‌లో చెప్పాడు, కరామాలో షేరింగ్ రూము 1,600, తిండి 900, పాస్, ఫోను, చిల్లర ఖర్చులూ కలిపి 3,500, నెలకి 7,500 మిగులుతుంది. అందులోంచి సీఏ గారు చెప్పిన పన్ను నెలనెలా పక్కన పెడతాను.

ఇవాళ పొద్దున హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, బేసిక్ 6,500 చేయమనీ, మినిస్ట్రీ ఆఫర్ లెటర్ వచ్చాకే ఇక్కడ రిజైన్ చేస్తాననీ, భార్యాపిల్లల హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారో చెప్పమనీ. నాన్న విషయం మా తమ్ముడితో మాట్లాడాను, వాడు ఉండేది అల్వాల్‌లో, ఫోన్ చేస్తే అర్ధరాత్రైనా వస్తానన్నాడు. షార్జా అమ్మ గారూ, మా ఆవిడ మీతో ఒక్కసారి మాట్లాడాలంటోంది, బీఈడీ అటెస్టేషన్ గురించి.

షార్జా అమ్మ:

తప్పకుండానండి. శుక్రవారం మా పాపకి స్కూలు ఉండదు, ఇండియా టైమ్‌కి పదకొండు దాటాక చెయ్యమనండి.